అక్కకు చెప్పే ముందు పెద్దమ్మగారి గడప ఎక్కండి

ప్రశ్న:

అయ్యగారికి వందనాలు. మాది గుంటూరు, బ్రాడీపేట. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, నాకు 36 ఏళ్లు. మా సంఘంలో ఒక అక్క ఉన్నారు. నన్ను విశ్వాసంలో నిలబెట్టింది ఆవిడే. మా నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రిళ్లు నాతో పాటు వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. స్త్రీల సమాజంలో పాటలు నడిపించేది ఆవిడే. ఆవిడ ప్రార్థన చేస్తే ఎవరికైనా కళ్లు చెమర్చాల్సిందే.

అక్క మా సంఘం ఆడవాళ్లతో ఒక చీటీ నడుపుతున్నారు. 20 మందిమి, నెలకు 2,000. అందులో నేనూ ఉన్నాను. పద్నాలుగో నెలలో ఇడ్లీలు అమ్ముకునే ఒకావిడ చీటీ పాడుకుంది. చేతికి 37,000 రావాలి. అక్క 15,000 ఇచ్చి, మిగతాది ఇదిగో అదిగో అంటున్నారు. మూడు నెలలైంది. పాపను జూన్‌లో కాలేజీలో చేర్చాలని ఆవిడ నా దగ్గర ఏడ్చింది. సంఘంలో అందరూ గుసగుసలాడుకుంటున్నారు గానీ అక్కతో ఒక్కరూ అనడం లేదు. నేను చెబితే ఇక నా మొహం చూడరేమోనని భయం. చెప్పకపోతే నిద్ర పట్టడం లేదు.

ఇంకో సంగతి. రెండు నెలలుగా నేను స్త్రీల సమాజానికి వెళ్లడం లేదు. ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల కూడా తీసుకోలేదు. ఒక పెద్దమ్మగారు అందరి ముందు, "మైకు దగ్గర బాగానే ప్రార్థన చేస్తావు, ఇంట్లో అత్తగారికి వేడన్నం పెట్టడం మాత్రం చేతకాదు" అన్నారు. మా అత్తయ్యకు షుగర్. నేను పెట్టకపోవడం ఏమీ కాదు, పొద్దున్నే వండి హాట్‌ప్యాక్‌లో పెట్టి వెళ్తాను. అది గద్దింపా, అవమానమా? ప్రేమతో సరిచేసుకోవడం అంటే ఇదేనా?

ఒక సహోదరి, గుంటూరు

సమాధానం:

అమ్మా, ప్రభువు నామంలో వందనాలు.

అక్క సంగతి వివరంగా రాశారు. పెద్దమ్మగారి సంగతి చివర్లో హడావుడిగా కానిచ్చేశారు. నేను ఆ చివరిదాని దగ్గరే మొదలుపెడతాను. అక్క దగ్గరికి వెళ్లే ముందు మీరు తేల్చుకోవాల్సింది అక్కడే ఉంది.

ముందు మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను. పెద్దమ్మగారు చేసింది తప్పే. "నీవును అతడును ఒంటరిగా నున్నప్పుడు అతనిని గద్దించుము" అని మత్తయి 18లో ప్రభువు చెప్పాడు. ఆవిడ దానికి సరిగ్గా వ్యతిరేకంగా చేశారు. పైగా మీ ఇంటికొచ్చి చూసి అన్న మాట కాదది, ఎవరో అంటే విన్న మాట. నిజమో కాదో మిమ్మల్ని ఒక్క ముక్క అడక్కుండా పదిమందిలో విసిరేశారు. దాన్ని గద్దింపు అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఇలా అనే అలవాటున్న పెద్దలకు ఒక వాక్యం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "అంతియొకయలో పౌలు పేతురును అందరి ముందే నిలదీశాడు కదా" అంటారు. నిలదీశాడు, నిజమే. ఎందుకో గలతీ పత్రిక రెండో అధ్యాయంలోనే ఉంది. పేతురు యూదులు కాని అన్యజనులతో కలిసి భోంచేస్తూ ఉన్నాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర్నుంచి కొందరు యూదులు రాగానే వెనక్కి తగ్గాడు. అతన్ని చూసి మిగతా యూదులు, ఆఖరికి బర్నబా కూడా పక్కకు జరిగారు. తప్పు జరిగిందే అందరి మధ్య. దానివల్ల చిన్నబోయినవాళ్లూ అక్కడే ఉన్నారు. అలాంటప్పుడు చాటుగా పిలిచి చెబితే చాలదు. మీ ఇంట్లో హాట్‌ప్యాక్ సంగతి అలాంటిదా? కాదు.

మన ఊళ్లో ఇది ఎందుకింత మామూలైపోయిందో మాత్రం నాకు అర్థమవుతుంది. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గారు గుంటూరు వచ్చారు. ఇక్కడి పాత సంఘాల్లో తాతల నాటి నుంచి ఒకే గుడికి వెళ్తున్న కుటుంబాలున్నాయి. ఎవరి పెళ్లి ఎవరు కుదిర్చారో, ఎవరింట్లో ఎందుకు మాటల్లేవో అందరికీ తెలుసు. చిన్నవాళ్లను మందలించే హక్కు తమకు పుట్టుకతోనే వచ్చిందని పెద్దవాళ్లు అనుకుంటారు. అందులో మంచీ ఉంది. ఇంట్లో చావో రోగమో అయితే అందరికంటే ముందు మన గుమ్మం దగ్గర చెప్పులు విడిచేది కూడా ఆ పెద్దవాళ్లే. ఆ చనువును నలుగురు కూర్చున్న చోట వాడితేనే చిక్కు.

సరే, ఇప్పుడు మీకు అంతగా నచ్చని మాట.

"నేను పెట్టకపోవడం ఏమీ కాదు" అని రాశారు. మీరు అబద్ధం చెప్పారని నేననను. కానీ పొద్దున ఏడింటికి హాట్‌ప్యాక్‌లో పెట్టిన అన్నం ఒంటిగంటకు ఎలా ఉంటుందో వంట చేసే ప్రతివాళ్లకూ తెలుసు. కింద ముద్దయిపోయి, మూతకు పట్టిన నీళ్లు మీద కారి ఉంటాయి. షుగర్ ఉన్న మనిషి అది సయించక రెండు ముద్దలు తిని వదిలేస్తే సాయంత్రానికి కళ్లు తిరగొచ్చు. ఆవిడ తింటున్నారో లేదో మీకు తెలుసా? ఉత్తరంలో ఆ ముక్క లేదు.

పెద్దమ్మగారి మాటలో పదహారణాలూ నిజం కాకపోవచ్చు. నాలుగణాలు ఉందేమో చూడండి. ఆ నాలుగణాలు మీవి, తీసుకోండి. మిగతా పన్నెండణాలు ఆవిడకే వదిలేయండి. మనం మామూలుగా చేసేది దీనికి తలకిందులు. అబద్ధపు భాగాన్ని గట్టిగా పట్టుకుని, నిజం ఉన్న భాగాన్ని దాని కింద దాచేస్తాం. చెప్పినవాళ్ల తీరు బాగాలేకపోతే లోలోపల మనకు కాస్త సంతోషం కూడా. ఇక మాట గురించి ఆలోచించే పని తప్పిపోతుంది, తీరు గురించి నెలల తరబడి మాట్లాడుకోవచ్చు.

సమూయేలు రెండో గ్రంథం 16వ అధ్యాయంలో షిమీ అనేవాడున్నాడు. కన్న కొడుకు అబ్షాలోము తిరగబడితే దావీదు యెరూషలేము వదిలి పారిపోతున్నాడు. దారిలో షిమీ ఎదురై రాళ్లు రువ్వుతూ, దుమ్మెత్తి పోస్తూ తిట్టాడు. సౌలు ఇంటివాళ్ల రక్తం నీ మీద ఉంది అన్నాడు. అది నిజం కాదు. సౌలును చంపే అవకాశం రెండుసార్లు చేతికొచ్చినా దావీదు వదిలేశాడు. పక్కనున్న అబీషై ఆవేశంగా వీడి తల తీసేస్తానంటే దావీదు ఆపాడు. తిట్టనివ్వండి, ఒకవేళ యెహోవాయే వాడితో తిట్టమన్నాడేమో అన్నాడు. షిమీ అన్న మాట తప్పే. కానీ తాను చంపించిన ఊరియా సంగతి దావీదుకు తెలుసు. తన చేతులకు రక్తం అంటలేదని అనుకునే స్థితిలో లేడు. అందుకే పక్కన కత్తి ఉన్నా పలకలేదు.

మీ విషయంలో కత్తి అంటే సమాజం మానేయడం, బల్ల తీసుకోకుండా వెనక బెంచీలో కూర్చుని లేచిపోవడం. అలా చేస్తే పెద్దమ్మగారికి ఏం తగులుతుంది? ఏమీ తగలదు. మీరు రావడం లేదని ఆవిడ గమనించారో లేదో కూడా అనుమానమే.

అన్నట్టు, ఇంత గొడవలో మీ అత్తగారిని ఎవరైనా అడిగారా? పెద్దమ్మగారు అడిగినట్టు లేదు, మీరు అడిగినట్టూ రాయలేదు. ఇంకొకటి. ఆవిడ కన్న కొడుకు కూడా ఆ ఇంట్లోనే ఉన్నాడు కదా. వేడన్నం సంగతి ఆయన్ని అడగాలని సమాజంలో ఎవరికీ తోచలేదు. మన దగ్గర గద్దింపులు ఎక్కువగా కోడళ్ల మీదికే ఎందుకు వెళ్తాయో పెద్దలు ఒకసారి ఆలోచించుకుంటే బాగుండు.

కాబట్టి ఈ రాత్రే అడగండి. "అత్తయ్యా, మధ్యాహ్నం అన్నం చల్లారిపోయి తినలేకపోతున్నారా?" అంతే. ఆవిడ చెప్పేటప్పుడు స్కూలు టైమింగ్స్, పేపర్లు దిద్దడం, ఇవేవీ ఎత్తకండి. కూరా పప్పూ మీరు పొద్దున చేసి పెట్టినా, పన్నెండున్నరకు కరెంటు కుక్కర్ స్విచ్ వేసుకోవడం ఆవిడకు చేతనవుతుందేమో, లేదంటే మీ ఆయన మధ్యాహ్నం ఇంటికి రాగలరేమో ముగ్గురూ కూర్చుని తేల్చండి. ఇది పెద్ద పనేమీ కాదు.

తర్వాత పెద్దమ్మగారి ఇంటికి వెళ్లండి. ఒక్కరే వెళ్లండి. వృద్ధ స్త్రీలను తల్లులని ఎంచి మాట్లాడమని పౌలు తిమోతికి రాశాడు. తల్లి దగ్గర అలిగినట్టే మాట్లాడొచ్చు, తప్పు లేదు. "పెద్దమ్మగారూ, మీరు ఆరోజు అన్న మాట గురించే వచ్చాను. అత్తయ్యను అడిగాను. అన్నం చల్లారిపోతోందన్నది నిజమే, దానికి ఏర్పాటు చేసుకున్నాం. కానీ మీరు అందరి ముందు అనేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. ఇక మీదట ఏదైనా ఉంటే నన్ను పిలిచి చెప్పండి, వింటాను." నిజం ఉన్నంతవరకు ఒప్పుకున్నారు, బాధ కలిగినంతవరకు చెప్పారు. అంతకు మించి అక్కర్లేదు. ఆవిడ మిమ్మల్ని దగ్గరికి తీసుకుని కన్నీళ్లు పెట్టుకుంటారని నేను మాటివ్వలేను. "నీ మంచికే కదా అన్నాను" అని ఇంకో నాలుగు తగిలించినా ఆశ్చర్యం లేదు. ఏమన్నా సరే, టీ ఇస్తే తాగి రండి. వచ్చే మొదటి ఆదివారం బల్ల తీసుకోండి.

ఇది ముందు ఎందుకు చేయమంటున్నానంటే, ఒక మాట పడటం ఎలా ఉంటుందో ప్రస్తుతం మీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆరోజు మీకు ఏం కావాలనిపించింది? పక్కకు పిలిచి, తలుపు వేసి, "ఏమ్మా, ఇలా విన్నాను, నిజమేనా?" అని అడిగే మనిషి కావాలనిపించింది. అక్కకు కావాల్సిందీ అదే.

ఇప్పుడు అక్క సంగతి. చెప్పాలా వద్దా అన్న ప్రశ్నే లేదు, చెప్పాలి. ఇది అక్కకూ మీకూ మధ్య స్నేహం సంగతి ఒక్కటే అయితే కొంతకాలం చూద్దాం అనేవాణ్ని. మధ్యలో ఇడ్లీలు అమ్ముకునే మనిషి 22,000 ఉంది. ఆవిడ తెల్లవారుజామున లేచి పిండి రుబ్బి సంపాదించిన డబ్బది. అక్క మీద గౌరవంతో మీరు నోరు మూసుకుంటే ఆ గౌరవానికి ఖర్చు పెడుతున్నది ఆవిడ. "నీవు తప్పక వానిని గద్దింపవలెను" అని లేవీయకాండం 19వ అధ్యాయంలో ఉంది. ఆ మాటకు ముందు ఉన్నది నీ సహోదరుని మీద పగపట్టకూడదు అని. తర్వాతి వచనంలో ఉన్నది నిన్ను వలె నీ పొరుగువానిని ప్రేమించవలెను అని. గద్దించమన్న ఆజ్ఞ ఆ రెండు మాటల మధ్య ఉంది.

ఎలా చెప్పాలన్న దానికి నాకు నాతాను ప్రవక్త దగ్గర నేర్చుకోవడం ఇష్టం. ఊరియాను చంపించి అతని భార్య బత్షెబను తెచ్చుకున్న దావీదుకు అతను చెప్పిన గొర్రెపిల్ల కథ, "ఆ మనుష్యుడవు నీవే" అన్న మాట అందరికీ తెలుసు. కూటాల్లో ఆ మాట దగ్గరికి రాగానే ప్రసంగీకుడు గొంతు పెంచి వేలు చూపిస్తాడు, సభంతా నిశ్శబ్దం. ఆ అధ్యాయం అక్కడితో అయిపోదు. చివర్లో, బత్షెబకు మొదట పుట్టిన బిడ్డ చనిపోయి సొలొమోను పుట్టాక, దేవుడు ఆ ఇంటికి మళ్లీ నాతానునే పంపాడు. ఈసారి యెహోవా ఈ బిడ్డను ప్రేమించాడని చెప్పి, యదీద్యా అని పేరు పెట్టడానికి. రాజుల మొదటి గ్రంథం తెరవగానే మళ్లీ కనిపిస్తాడు. దావీదు ముసలివాడైపోయాడు, మరో కొడుకు అదోనీయా తనంతట తాను రాజునని చాటుకుంటున్నాడు. అప్పుడు బత్షెబ ప్రాణం, సొలొమోను ప్రాణం దక్కాలని ఆమెను రాజు గదిలోకి పంపి, వెనకే తానూ వెళ్లింది నాతానే. ఏ ఇంటి పాపాన్ని మొహం మీద చెప్పాడో ఆ ఇంటికి ఎన్నో ఏళ్ల తర్వాత కూడా రాగలిగాడు. వాళ్లూ రానిచ్చారు.

అక్కకు చెప్పడానికి బయల్దేరే ముందు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న అదొక్కటే. ఇది చెప్పిన తర్వాత వచ్చే ఆదివారం నేను వెళ్లి అక్క పక్కన కూర్చోగలనా? ఆవిడ మొహం తిప్పుకున్నా కూర్చోగలనా? కూర్చోగలను అనిపిస్తే వెళ్లండి. చెప్పేసి చేతులు దులుపుకోవాలని ఉంటే ఆగండి.

ఎక్కడ చెప్పాలి? గుడి ఆవరణలో వద్దు. శంకర్ విలాస్ సెంటర్‌లో కాఫీ తాగుతూ మాట్లాడదాం అనుకోవద్దు, గుంటూరులో ఏ హోటల్లో కూర్చున్నా పక్క టేబుల్ దగ్గర మన సంఘం వాళ్లు ఒకరు ఉంటారు. ఫోన్‌లో అసలు వద్దు, వాట్సాప్ మెసేజ్ అయితే మరీ ఘోరం, అది సాయంత్రానికి ఎవరెవరి చేతుల్లో తిరుగుతుందో చెప్పలేం. అక్క ఇంటికే, పిల్లలు ట్యూషన్‌కు వెళ్లిన టైం చూసుకుని వెళ్లండి. "ఏమీ అనుకోవద్దు అక్కా" అని మొదలుపెట్టకండి. ఆ మాట వినగానే ఎవరికైనా టెన్షన్ మొదలవుతుంది, తర్వాత చెప్పేది సగమే చెవికెక్కుతుంది. "అందరూ అనుకుంటున్నారక్కా" అని అసలే అనకండి. అందరూ అంటే ఎవరని ఆవిడ అడుగుతారు. మీరు పేర్లు చెప్పినా చిక్కే, చెప్పకపోయినా చిక్కే. మీకు నేరుగా తెలిసింది ఒకటే ఉంది, ఇడ్లీలావిడ మీతో స్వయంగా చెప్పుకున్న మాట. అదే తీసుకెళ్లండి. అయితే ఆవిడ పేరు చెప్పొచ్చో లేదో ముందుగా ఆవిడనే అడగండి.

"అక్కా, చీటీ సంగతి అడగాలని వచ్చాను. పాడుకున్నావిడకు ఇంకా 22,000 రాలేదని తనే నాతో చెప్పింది. పాప ఫీజు దగ్గరపడుతోందంట. ఏమైందక్కా?"

ఏమైందక్కా అన్నాక మీరు మాట్లాడకండి. ఆవిడ ఎంతసేపు ఊరుకున్నా సరే.

ఎందుకంటే ఏం జరిగిందో మీకు నిజంగా తెలియదు. అక్క డబ్బు వాడేసుకున్నారని ఊహిస్తున్నారు. అయి ఉండొచ్చు. కానీ చీటీలు కూలిపోయేది చాలాసార్లు ముందు పాడుకున్నవాళ్ల వల్ల. మూడో నెలలోనో నాలుగో నెలలోనో డబ్బు ఎత్తుకుని, ఆ తర్వాత వాయిదాలు ఎగ్గొట్టేవాళ్లు ఉంటారు. ఎగ్గొట్టాలని కాకుండా కట్టలేకపోయినవాళ్లూ ఉంటారు. మీ చీటీలో మిర్చి యార్డు హమాలీల ఇళ్ల ఆడవాళ్లు ఉంటే ఆలోచించండి. ఎండాకాలం యార్డుకు సెలవులిచ్చిన రోజుల్లో ఆ ఇళ్లలో చేతిలో రూపాయి ఆడదు. నలుగురు ఆపేస్తే నెలకు 8,000 లోటు. నడిపే మనిషి మొదట తన గాజులు తాకట్టు పెడుతుంది, తర్వాత ఒకరి డబ్బు ఇంకొకరికి సర్దుతుంది, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేస్తుంది. సంఘంలో పాట నడిపించే మనిషి కాబట్టి ఎవరికీ చెప్పుకోలేదు. అక్క మీ ముందు ఒక్కసారిగా ఏడిస్తే దానికి కూడా సిద్ధపడి వెళ్లండి.

కారణం ఏదైనా బాకీ బాకీయే. "పుస్తకం తీస్తారా అక్కా, ఎవరు కట్టాలో ఎవరికివ్వాలో ఇద్దరం రాసుకుందాం" అనండి. టీచర్ కదా, లెక్క రాయడం మీకు కొత్త కాదు. ఎగ్గొట్టిన వాళ్ల దగ్గరికి అక్కతో పాటు వెళ్లాల్సొస్తే వెళ్లండి. ఇడ్లీలావిడకు ఏ తేదీకి ఎంత ఇవ్వగలరో ఆవిడకు అక్కే స్వయంగా వెళ్లి చెప్పాలి. అది మీరు మోయకూడదు. డబ్బు అక్కే వాడుకుని ఉంటే ఆ మాట కూడా ఆవిడతో ఒప్పుకోవాలి. పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. అక్క తీసుకున్నదాన్ని తిరిగిస్తే చాలు. ఇకమీదట చీటీ పెట్టొద్దని కూడా ఎప్పుడో వీలు చూసి చెప్పండి. రిజిస్ట్రేషన్ లేకుండా ఇలా చీటీలు నడపడాన్ని 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ఒప్పుకోదు. సంఘంలో నమ్మకం ఉంది కదా అని మనవాళ్లు ఈ సంగతి పట్టించుకోరు.

ఆ రోజే "పాటలు నడిపించడం కొన్నాళ్లు మానండక్కా" అనకండి. అది మీ పని కాదు. అవసరమైతే పెద్దలు చూసుకుంటారు. అపొల్లో అనే బోధకుడి సంగతి గుర్తుందా? మాటకారి, లేఖనాల్లో ఆరితేరినవాడు. అతని బోధలో కొరత ఉందని డేరాలు కుట్టుకునే అకుల, ప్రిస్కిల్ల గమనించారు. సమాజ మందిరంలో లేచి తప్పుపట్టలేదు, తమ దగ్గరికి చేర్చుకుని విడమరిచి చెప్పారు. అపొస్తలుల కార్యాలు 18లో ఆ వెంటనే ఏముందో చూడండి. అతను అకయకు వెళ్తానంటే ఇతన్ని చేర్చుకోండని సహోదరులు ఉత్తరం రాసిచ్చారు. సరిచేయబడిన మనిషిని పనిలోంచి దింపేయాలన్న తొందర వాళ్లకు లేదు.

చివర్లో ప్రార్థన చేసుకోండి, తప్పకుండా. అయితే ప్రార్థనలో మళ్లీ క్లాసు పీకకండి. "ప్రభువా, అక్కకు మారుమనస్సు దయచేయి, పేదల కన్నీళ్లు చూడగలిగే మనసివ్వు" అని కళ్లు మూసుకుని అంటే అవతలి మనిషి జవాబు చెప్పడానికి కూడా ఉండదు. అక్కనే ప్రార్థన చేయమనండి.

అక్క కోప్పడితే? "నిన్ను చెల్లెల్లా చూసుకున్నాను, నువ్వా నన్ను అడిగేది" అంటే? ఆ మాట మీకు గుచ్చుకుంటుంది. ఆసుపత్రి బెంచీ గుర్తొస్తుంది. "చెల్లెల్ని కాబట్టే వచ్చానక్కా" అని లేచి వచ్చేయండి. వాదించొద్దు. ఆదివారం పక్కన కూర్చోండి. "మేలును కోరి స్నేహితుడు గాయములు చేయును" అని సామెతల్లో ఉన్నా, గాయం తగిలిన రోజే ఎవరికీ మేలు కనిపించదు. వారమో పది రోజులో టైం ఇవ్వండి.

అప్పటికీ కదలిక లేకపోతే ఇంకొకరిని వెంటబెట్టుకుని వెళ్లమన్నది వాక్యం. ఇప్పటికే అక్క మీద మండిపడుతున్నవాళ్లను తీసుకెళ్లకండి. అక్క గౌరవించే మనిషై ఉండాలి, విన్నది కడుపులో పెట్టుకోగలిగిన మనిషై ఉండాలి. మీ పాస్టరమ్మ అలాంటివారైతే ఆవిడే మేలు. దానికీ వినకపోతే పెద్దల దగ్గరికి. ఆ తర్వాత కూడా వినకపోతే అన్యునిగా, సుంకరిగా (పన్నులు వసూలు చేసేవాడిగా) ఎంచుకోమన్నాడు ప్రభువు. దాన్ని మనవాళ్లు వెలివేయమన్నట్టు చదువుతారు. ఆ మాట ఉన్నది మత్తయి పేరుతో ఉన్న సువార్తలో. మత్తయి సుంకరి. ప్రభువు అతన్ని పిలిచి, అతని ఇంట్లో భోంచేశాడు. బాధ్యతలు తీసేయొచ్చు, డబ్బు విషయంలో నమ్మకపోవచ్చు, పలకరింపు మానకూడదు.

ఈలోగా అక్క సంగతిని ప్రేయర్ రిక్వెస్ట్‌గా మార్చి ఎవరికీ ఇవ్వకండి. "పేరు చెప్పను గానీ ఒక సహోదరి కోసం భారంతో ప్రార్థన చేయండి" అంటే ఆ సహోదరి ఎవరో రెండో 'ఆమేన్'కు ముందే అందరికీ తెలిసిపోతుంది. స్టేటస్‌లో వాక్యాలు పెట్టడం కూడా అంతే. అక్క చూడాలని పెట్టిన వాక్యాన్ని అక్క తప్ప అందరూ అర్థం చేసుకుంటారు.

పెద్దలు ఈ ఉత్తరం చదువుతుంటే వాళ్లకు ఒక మాట. డబ్బు పోగొట్టుకున్నవాళ్లు పోలీసుల దగ్గరికో కోర్టుకో వెళ్తామంటే, విశ్వాసులు కోర్టుకెక్కకూడదని కొరింథీ మొదటి పత్రిక ఆరో అధ్యాయం చూపించి నోరు మూయించడం నేను చాలాచోట్ల విన్నాను. అన్యాయం సహించడం మేలు కాదా అన్న ఏడో వచనం చదువుతారు. మీరే మీ సహోదరులకు అన్యాయం చేస్తున్నారు, అపహరిస్తున్నారు అన్న ఎనిమిదో వచనం దగ్గరికి రాగానే బైబిలు మూస్తారు. ఓర్చుకోమని చెప్పే ముందు, ఇవ్వాల్సినవాళ్లతో ఇప్పించాల్సిన బాధ్యత సంఘానిది.

ఇంకొకటి, ఇది మీకు కాదు, ఈ జవాబు చదివే మిగతావాళ్లకు. ఒంటరిగా వెళ్లి చెప్పమన్న మాటను అన్నిచోట్లా వాడకండి. చేయి చేసుకునే భర్త దగ్గరికి భార్యను, ఒంటి మీద చేయి వేసినవాడి దగ్గరికి పిల్లను "ముందు నువ్వే వెళ్లి మాట్లాడు" అని పంపడం పాపం. ముందు వాళ్లను క్షేమంగా ఉంచాలి. ఆడవాళ్లకైతే 181, పిల్లలకైతే 1098 హెల్ప్‌లైన్ నంబర్లు ఉన్నాయి. సంఘం పరువు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

మీ విషయానికొస్తే, జూన్ ఫీజుకు ఎంతో టైం లేదు. అత్తయ్యను ఈ రాత్రి అడగండి, పెద్దమ్మగారి దగ్గరికి ఈ వారంలోనే వెళ్లండి, అక్క దగ్గరికి వచ్చే వారం. అక్క ఏమన్నారో వీలైతే రాయండి. చీటీ లెక్క తేలేదాకా ఇడ్లీలావిడకు కాలేజీలో చేర్చడానికి ముందు కట్టాల్సిన మొదటి వాయిదా ఎంతో కనుక్కోండి. అది మీ సమాజం కానుకల్లోంచి సర్దగలరేమో పాస్టరమ్మను అడగండి.